మోకాలెత్తు పటాలు

ఆ రోజు పొద్దున నా సిరాబుడ్డిలో చీమ పడింది. పుల్లతో తీసి కిటికీ గట్టు మీద పెడితే అది చావకుండా, వెనక సన్నటి నీలం గీత వదులుతూ నడిచిపోయింది. నేను దాన్నే చూస్తున్నాను. అప్పుడు జగ్గయ్యపేట నుంచి వచ్చే మొదటి బస్సు మా ఇంటి ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరు దిగి గుమ్మం దాకా వచ్చాడు.

"మాస్టారండీ, పేటలో మీ చెల్లెలుగారు తెల్లారగట్ల పోయారండి. మీ బావగారు కబురు చెప్పమన్నారు."

నాన్నగారు "ఎవరూ?" అన్నారు. ఆయనకు ఉన్నది ఒక్కతే చెల్లెలు.

కండక్టరు మళ్లీ చెప్పాడు. డ్రైవరు హారను కొట్టాడు. బస్సు నందిగామ బస్టాండు వైపు వెళ్లిపోయింది.

పోయింది మా మేనత్త. మూడు రోజులు జ్వరమట. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని మామయ్య కారు మాట్లాడేలోపే అయిపోయిందట. అసలు జ్వరం వచ్చిన సంగతే మాకు తెలియదు.

మొన్న ఆమె గురించి రాస్తానంటే నాన్నగారు నా వైపు చూడకుండానే అడిగారు, "ఏమని రాస్తావమ్మా? బడి కట్టించిందా, బావి తవ్వించిందా?"

"పిల్లల గదికి పటాలు కట్టించింది కదా," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి, "అది రాస్తే చదివినవాళ్లు నవ్వుతారు," అన్నారు.

నవ్వితే నవ్వండి. ఆ పటాల వల్ల నేను పడ్డ అవస్థ చెప్పకుండా ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఒకసారి జి.కొండూరు, ఒకసారి రెడ్డిగూడెం. ఊరూరా బడి మారడం ఎందుకని నన్నూ తమ్ముణ్నీ జగ్గయ్యపేటలో అత్తయ్య ఇంట్లో ఉంచారు. అప్పుడు నాకు ఆరేళ్లు. అత్తయ్య కూతురు నాకన్నా ఏడాది పెద్ద, నాకు వదిన. మామయ్య పత్తి కొట్లో గుమస్తా. ఇంట్లో వంటిల్లు కాక రెండు గదులు. రెండో గదిలో పాత గోతాలు, పగిలిన కుండలు, తెగిన నులక మంచం ఉండేవి. మేం వెళ్లిన వారంలోనే అత్తయ్య అవన్నీ పెరట్లోకి చేర్చి, సున్నంలో నీలిమందు కలిపి, తనే చీర ఎగదోపుకుని వెల్ల వేసింది. "ఇది పిల్లల గది," అంది.

ఆ రోజుల్లో మా వీధిలో పిల్లలకొక గది అన్నమాటే లేదు. పిల్లలు ఎక్కడ నిద్రపోతే అదే వాళ్ల గది.

గోడకు పటాలు పెట్టాలని ఆమెకు ఎలా తోచిందో తెలియదు. అడిగితే "బోసిగా ఉంది గదా" అనేది. ముందు గదిలో అందరిళ్లలోలాగే మాకూ పటాలు ఉండేవి. దూలం కింద, మెడ నొప్పి పుట్టే ఎత్తులో, ముందుకు వంగి. ఒకటి గొర్రెల కాపరి, ఒకటి రంగు అక్షరాల బైబిలు వాక్యం, ఒకటి చనిపోయిన తాతయ్య ఫొటో. దేవుడూ, పోయినవాళ్లూ తప్ప మా ఇళ్లలో ఇంకెవరూ పటంలోకి ఎక్కరు. అత్తయ్య మొదట ఎక్కించినవి మాత్రం ఇవి: తమ్ముడు మొదటిసారి 'అ' దిద్దిన పలక ముక్క, దూదిలో పెట్టిన వదిన పాలపళ్లు రెండు, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితంతో తమ్ముడు చేసిన చేప, మా అమ్మను అడిగి తెచ్చుకున్న నా పురిటినాటి తెల్లచొక్కా. వాటిని నేల నుంచి మోకాలెత్తున వరసగా కొట్టింది.

మామయ్య ఆ గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక చట్రం కాలికి తగిలేది.

"గోడకి కొట్టవే మేకులంటే నా కాళ్లకి కొట్టావేంటే?"

"మీ దూలం పటాలు చూడాలంటే పిల్లలు మెడలు విరుచుకోవాలి. మీరు కాస్త కిందికి చూసి నడిస్తే అరిగిపోతారా? పిల్లల గోడ పిల్లలకి అందాలి గదండీ."

అందేది కాబట్టే అద్దాలు పగిలేవి. బంతి తగిలి ఒకటి, తమ్ముడి తల తగిలి ఒకటి. ఆమె పెంకులు ఏరి, తడిగుడ్డతో నేల తుడిచి, కొత్త అద్దం వేయించేది. ఎత్తు మాత్రం మార్చలేదు.

జగ్గయ్యపేటలో పటాలు కట్టే ఆయన నా చొక్కా చూసి, బతికున్న పిల్లల గుడ్డలు పటం కట్టడం మంచిది కాదని వెనక్కిచ్చేశాడు. అందుకని అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బస్సులో నందిగామ వెళ్లింది. బస్టాండు దగ్గర కొట్లో ఒక ముసలాయన చొక్కా పరిచి కొలత తీసుకుని, కర్ర కోస్తూ కోస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్నాళ్లయిందమ్మా, పాప పోయి?"

"ఇదిగో, ఇక్కడే ఉందండి. జీడి తింటంది."

ఆయన రంపం ఆపి నన్ను చూశాడు. నేను ఆ బెల్లం జీడి వీపు వెనక దాచుకున్నాను. "నూరేళ్లు బతుకు తల్లీ," అన్నాడు గాని, చేతులు మాత్రం అలవాటు ప్రకారమే పని చేశాయి. చట్రం మీద దండ తగిలించడానికి రెండు కొక్కేలు పెట్టాడు. చొక్కా కింద పేరు రాసుకోవడానికి తెల్లకాగితం పట్టీ వదిలాడు. ఇంటికొచ్చాక అత్తయ్య పట్టీ ఖాళీగా ఎందుకని మామయ్య చేత నా పేరు రాయించింది. గుమస్తా దస్తూరి, అచ్చులా ఉండేది. నేను ఎవరూ చెప్పకుండా చదువుకున్న మొదటి మాట అదే.

దాని ఫలితం ఇంకొకటి. ఆ ఏడు మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు ఇళ్లు చూస్తూ మా ఇంటికి వచ్చారు. పిల్లల గదిలో చొక్కా, కింద పేరు, కొక్కేలకు వదిన ఆటగా తగిలించిన బంతిపూల దండ ఆవిడ కంటపడ్డాయి. పటం మోకాలెత్తునే ఉంది కాబట్టి ఆవిడ అక్కడే మోకరించారు. కళ్లు మూసుకుని, ఈ ఇంటి తల్లికి ఆదరణ ఇమ్మని ప్రార్థన మొదలుపెట్టారు. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాను. ప్రార్థనలో నా పేరు వచ్చింది. నేను అడుగు ముందుకు వేయబోతే అత్తయ్య భుజం పట్టుకుని ఆపి చెవిలో చెప్పింది.

"ఆమెన్ అనేదాకా ఆగవే. ఇప్పుడెళ్తే దడుచుకుంటది."

ఈ కథ చెబితే అందరూ నవ్వుతారు. నాకు అప్పుడు నవ్వు రాలేదు. ఆ సంగతి వీధంతా పాకి, బడిలో చాలా రోజులు నేను చచ్చిపోయిన పిల్లని. నలుగురిలో నోరెత్తలేని దాన్ని, బతికే ఉన్నానని ఎవరితో వాదించను?

నాయనమ్మ వచ్చి ఈ సంగతి విని ఇల్లు పీకి పందిరేసింది. "ఒసేవ్, బతికున్న పిల్లని గోడెక్కించి దండేస్తావా? నీకేమన్నా మతి పోయిందా?"

"పోయాక కడితే పోయినోళ్లు చూసుకుంటారా అమ్మా? ఉన్నప్పుడే చూసుకోనీ."

దండ తీసేసింది. పటం తీయలేదు.

చొక్కాతో నాకు పేచీ లేదు. అది నేను చేసింది కాదు. నా పేచీ అంతా చిలకతో.

ఆ ఇంటికి వెళ్లిన కొత్తలో, అత్తయ్య పాత రవిక ముక్క మీద ఆకుపచ్చ దారంతో చిలకను కుట్టాను. కుట్టడం ఎవరూ నేర్పలేదు. దారం ఎక్కడ ఆపాలో తెలియక పొట్ట కింద నుంచి ఇంకో గీత దిగిపోయింది. చిలకకు మూడు కాళ్లు వచ్చాయి. దాన్ని చాప కింద దాచేశాను. అత్తయ్య చాప దులుపుతూ చూసింది. నన్ను అడగలేదు. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి అది అద్దం వెనక, గోడ మధ్యలో ఉంది.

మామయ్య కూర్చుని మరీ చూశాడు. "పట్టిన కుందేటికి మూడే కాళ్లని విన్నాం గాని, చిలక్కి మూడు కాళ్లు ఎప్పుడొచ్చినయ్యే?"

అప్పటి నుంచి చుట్టాల్లో నా పేరు మూడుకాళ్ల చిలక. పెళ్లిళ్లలో, క్రిస్మస్ కూడికల్లో, ఎవరు ఎదురైనా "ఏమే చిలకా" అనేవారు. ఎన్నిసార్లు బతిమాలానో. "తీసెయ్ అత్తయ్యా, బాగా లేదు."

"ఏమైంది దానికి? ఇంకో కాలుంటే ఇంకా గట్టిగా నిలబడుద్ది."

ఆ గదికి నేను రుణపడి లేనని అనను. తట్టు పోసినప్పుడు ముగ్గురం పక్కపక్కన చాపల మీద పడి ఉంటే, ఆ పటాలు సరిగ్గా కళ్లకెదురుగా ఉండేవి. అత్తయ్య వేపాకు విసురుతూ, "ఆ చేప ఎటు పోతందిరా? చెప్పు," అని తమ్ముణ్ని అడిగేది. వాడు పాలేట్లో నుంచి కృష్ణలోకి పోతోందని చెప్పేవాడు. రేపు ఎక్కడిదాకా పోయిందో చెప్పమనేది. ఆ చేప సముద్రం చేరేసరికి మాకు జ్వరం తగ్గింది. తర్వాత నన్ను చేర్పించిన కాన్వెంటు హాస్టల్లో నా మంచం పక్క గోడ తెల్లగా, నున్నగా ఉండేది. చాలా ఎత్తున ఒక సిలువ తప్ప ఏమీ లేదు. పక్క మీద వాలితే నా కన్ను మోకాలెత్తు కోసం వెతికేది. ఈ మాట అత్తయ్యకు చెప్పలేదు. చెబితే ఇక చిలకను జన్మలో తీయదు.

కాన్వెంటులో కుట్టు నేర్పే సిస్టరు బట్టను ముందు చూసేవారు కాదు. తిరగేసి వెనకవైపు చూసేవారు. వెనక ఒక్క ముడి కనిపించినా మొత్తం విప్పించేవారు. అక్కడ నేను ఒక తెల్లగుడ్డ మీద రోజాలు కుట్టాను. గులాబీరంగు దారాలు ముదురు నుంచి లేతకు దిగుతూ, ఆకుల ఈనెలతో సహా. నా వేళ్లు ఆ పని చేశాయంటే నాకే నమ్మకం కుదరలేదు. స్కూలు ఎగ్జిబిషన్లో దాన్ని అద్దాల బీరువాలో పెట్టారు. వేసవి సెలవుల్లో దాన్ని మడత నలగకుండా పుస్తకంలో పెట్టుకుని, బస్సు దిగి నేరుగా అత్తయ్య దగ్గరికి వెళ్లాను.

ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది. తిరగేసి కూడా చూసింది. "వెనక కూడా ముందులాగే ఉందే," అంది.

నా గుండె నిండిపోయింది. "చిలక తీసేసి ఇది పెడదాం అత్తయ్యా."

"ఎవరికి చూపిద్దామని కుట్టావిది?"

"సిస్టరుకి."

"అయితే సిస్టరు గోడకి కొట్టుకోమను."

మడత పెట్టి ట్రంకులో వేసింది. వేళాకోళంగా అనలేదు. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. ఇంకా ఏదో చెబుతుందని నిలబడ్డాను. పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి వెళ్లింది. తర్వాత అన్నం వడ్డిస్తూ మాత్రం, "ఎవరికీ చూపించాలని లేకుండా చేసింది ఏదన్నా ఉంటే పట్రా. అప్పుడు కొడతా," అంది.

"నీ దగ్గరికి తెస్తే చూపించినట్టేగా?"

"చదువుకున్నదానివి. నువ్వే తేల్చుకో."

ఇందులో తేల్చడానికి ఏముంది? ఎటు నుంచి పట్టుకున్నా మెలిక వీడదు. అప్పటి నుంచి సెలవులకు ఎప్పుడు వెళ్లినా ట్రంకు వైపు చూసేదాన్ని. ఆమె అది గమనించేది. గమనించనట్టు ఊరుకునేది.

రెండేళ్ల కిందట రెడ్డిగూడెం నుంచి ఒక కుటుంబం నన్ను చూడ్డానికి వచ్చింది. అప్పటికి నాన్నగారు నందిగామకు మారారు. మా అద్దె ఇల్లు ఇరుకని వాళ్లను అత్తయ్య ఇంట్లోనే కూర్చోబెట్టారు. అబ్బాయి తల్లి మర్యాదగా అడిగింది, "అమ్మాయికి కుట్లూ అల్లికలూ ఏమన్నా వచ్చాండి?"

"రాకపోవడమేంటండీ," అని అత్తయ్య లేచింది.

ట్రంకు దగ్గరికి వెళుతుందనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని పిల్లల గదిలోకి తీసుకెళ్లింది. ముందు గదిలో తల వంచుకుని కూర్చున్న నాకు ఆవిడ నవ్వు వినిపించింది.

"మూడు కాళ్లేంటండీ?"

"ఆరేళ్లప్పుడు కుట్టిందండి. ఎవరూ చెప్పలా. తనే కుట్టింది."

ఆ సంబంధం కుదరలేదు. వాళ్లకు వేరే సంబంధం అంతకుముందే మాటల్లో ఉందట. దానికి నాకు విచారం లేదు. కాని ఆ మధ్యాహ్నం, అదే గదిలో ట్రంకులో నా రోజాలు ఉండగా, నేను మూడు కాళ్ల చిలకనై కూర్చున్నాను. వాళ్లు వెళ్లాక మొదటిసారి అత్తయ్య మీద గొంతు పెంచాను.

"నీకు నేనింకా ఆరేళ్ల పిల్లనేనా?"

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. "ఆరేళ్ల పిల్లకి ఇంత కోపం రాదులే."

"రోజాలెందుకు చూపించలేదు?"

"అంత బాగున్నయ్యి బజార్లో దొరుకుతయ్యే. ఆ చిలక దొరుకుద్దా?"

ఇదేం జవాబు? ఇప్పటికీ నాకు ఇది జవాబులా లేదు. కష్టపడి నేర్చుకున్నది బజారు సరుకా? తెలియక చేసిన తప్పు గోడకెక్కాలా? నేను ఇప్పుడు నందిగామలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్ల వంకర అక్షరాలు చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కాని వాళ్లు పెద్దయ్యాక రాసే మంచి అక్షరాలు చూడకుండా ఈ వంకరవే చూస్తూ కూర్చుంటే వాళ్లకెలా ఉంటుంది? ఇదంతా ఆమెకు చెప్పాలని, ఈసారి ఏడవకుండా, వరస తప్పకుండా చెప్పాలని మనసులో చాలాసార్లు అనుకున్నాను. తొందరేముందిలే అనుకున్నాను.

మేం జగ్గయ్యపేట చేరేసరికి ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. ముందు గది నిండా మనుషులు. నన్ను ఎవరో ముందుకు తోశారు. మొహం చూశాను. పచ్చగా, చిన్నగా ఉంది. తర్వాత తల కింద చూశాను.

తల కింద నా తెల్లగుడ్డ ఉంది. ఒక రోజా ఉన్న మూల చెవి పక్కకు వచ్చింది. మిగతావి జుట్టు కింద ఉన్నాయి. సిస్టరు మెచ్చుకున్న వెనకవైపు దిండుకు ఆనుకుని ఉంది. పక్కన ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. నేను పాడలేదు. చెవి పక్కనున్న ఆ ఒక్క పువ్వునే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి మూత వేశారు.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక, కాళ్లు కడుక్కుంటున్న వదినను అడిగాను. "ఆ గుడ్డ ఎవరు పెట్టారు?"

"ఏ గుడ్డ? తల కిందదా? నేనే పెట్టా."

"అత్తయ్య పెట్టమందా?"

"అమ్మకి ఆఖర్న మాటెక్కడిదే. దిండు గలీబు మాసిపోయి ఉంది. ట్రంకు తెరిస్తే పైనే కనబడింది, తెల్లగా. తీసి పెట్టా." తర్వాత నా మొహం చూసి, "నీదా అది?" అంది.

"నాదే."

"అయ్యో. చెప్పొచ్చుగా."

ఎప్పుడు చెప్పను?

అది ట్రంకులో పైన ఎందుకుందో నాకు తెలియదు. దుప్పట్లు తీసినప్పుడు పైకి వచ్చి ఉండొచ్చు. ఆమె అప్పుడప్పుడూ తీసి చూసుకునేదేమో. జ్వరం రాకముందు నందిగామ తెచ్చి పటం కట్టించాలనుకుందేమో. ఊరికే అక్కడ ఉందేమో. నెల రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. తేలలేదు. ఇక తేల్చి చెప్పగలిగిన మనిషి లేదు. నేను అందరికీ చూపిద్దామని కుట్టింది ఎవరూ చూడని చోటికి వెళ్లింది. ఆమె తల దాని మీద ఉంది. దీనికి సంతోషించాలో ఏడవాలో నాకు తెలియడం లేదు. ఎక్కువసార్లు కోపమే వస్తోంది.

మామయ్య ఒక్కడూ ఉండలేడని, పెళ్లయి ఖమ్మంలో ఉంటున్న వదిన తనతో తీసుకెళ్లిపోయింది. ఇల్లు ఖాళీ చేసే రోజున మేం మళ్లీ వెళ్లాం. వదిన గోడ ముందు చతికిలబడి ఒక్కో పటం దింపి తుడిచింది. చేప, పలక తమ్ముడికిచ్చింది. నా చొక్కా మా అమ్మ అడిగి తీసుకుంది. చిలకను నా చేతిలో పెట్టి, "మోసుకుపో నీ పక్షిని," అంది. ఇద్దరం నవ్వాం. ఆ ఇంట్లో మేం నవ్వడం అదే ఆఖరు.

తిరుగు బస్సులో పటాన్ని అత్తయ్య పాత చీర ముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. చిల్లకల్లులో జామకాయల బుట్టతో ఒక ఆవిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. కొంచెంసేపటికి చీర అంచు వేలితో ఎత్తి చూసింది.

"ఏ దేవుడి పటమమ్మా?"

"దేవుడు కాదండి. చిలక."

"ఏదీ, తియ్యి."

తీశాను. ఆవిడ అద్దం మీద నీడ పడకుండా తన చెయ్యి అడ్డం పెట్టి, చాలాసేపు చూసింది. ఎండలో ఆ ఆకుపచ్చ దారం కొంచెం వెలిసినట్టు కనిపించింది. బస్సు కుదుపుకి అద్దం టకటకలాడింది.

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"పటమెవరు కట్టించారు?"

"మా అత్తయ్య. పోయిన నెల చనిపోయారు."

ఆవిడ పటం మీద చీర మళ్లీ కప్పి, అంచులు లోపలికి దోపింది. "పెద్ద వయసా?" అంది.

"లేదండి. ముప్పై ఎనిమిది."